ఆకుపచ్చ తర్వాత రంగు లేదు

కొండలను వాటి పాదుల మీద నిలిపినవానికి, తెల్లవారకముందే మంచును లోయలోకి దింపి పొద్దెక్కగానే తిరిగి ఎత్తుకొనేవానికి, పిట్ట కూటిని సైతం మరువనివానికి స్తోత్రం. ఇచ్చినప్పుడు ఆయనకు స్తోత్రం. తీసుకొన్నప్పుడు కూడా స్తోత్రమే అని చిన్ననాటి నుంచి నేర్చుకొన్నాను కనుక ఆ మాటతోనే మొదలుపెడుతున్నాను. ఈ వారం మాత్రం ఆ మాట నోటికి బరువుగా ఉంది.

మా సంఘంలోని ఒక సహోదరిని మట్టికి అప్పగించి వచ్చాం. ఆమె పేరు ఇక్కడ రాయను. ఉన్నన్నాళ్ళూ ఎవరూ ఆమెను పేరుతో పిలవలేదు. గూడెంలో అందరికీ ఆమె "పచ్చమ్మ". ఆమె ఒంటి రంగును బట్టి వచ్చిన పేరు కాదది. మనిషి నలుపు. చింతబరికెలా ఉండేది. చీర కుచ్చిళ్ళు ఎంత మడిచినా ఇంకా మిగిలేవి. ఆ పేరు ఆమె అడిగే ప్రశ్న నుంచి వచ్చింది. దారిలో ఏ తల్లి బిడ్డను ఎత్తుకొని ఎదురైనా పచ్చమ్మ ఆగి, పసివాడి జబ్బను తన బొటనవేలికీ నడిమివేలికీ మధ్య పట్టుకొని చూసేది. వేళ్ళు కలిస్తే ఆమె ముఖం నల్లబడేది. కలవకపోతే తల్లి వైపు తిరిగి అడిగేది.

"పచ్చేనా?"

"పచ్చే, పచ్చే. నీ దిష్టే తగిలేలాగున్నాది, ఒగ్గీ," అని తల్లులు బిడ్డను లాక్కొనేవారు.

అంగన్‌వాడీలో పసిపిల్లల జబ్బకు చుట్టే కొలత టేపు గురించి ఆమె అడిగేది. మా కొండల్లో దాన్ని చూడని తల్లి ఉండదు. ఎరుపు పడితే బిడ్డ ప్రమాదంలో ఉన్నట్టు. పసుపు పడితే జాగ్రత్త పడాలి. ఆకుపచ్చ పడితే భయం లేదు. చదువురాని తల్లికి కూడా అర్థం కావాలని రంగులు పెట్టారు. పచ్చమ్మకు అది దేవుని వాక్యమంత బాగా అర్థమైంది. అంతకు మించి అర్థమైంది.

"ఎరుపులో ఒకడు ఎలిపోనాడు. పసుపులో ఒకర్తి ఎలిపోనాది," అనేది. తన ఇద్దరు పిల్లల గురించి ఆమె చెప్పే చరిత్ర అంతే. వాళ్ళ పేర్లు నాకు తెలియవు. ఏ జబ్బుతో పోయారో ఆమెకే తెలియదు. మొదటివాణ్ణి పాతిపెట్టినప్పుడు ఆమె ఇంకా మా సంఘానికి రాలేదు. రెండో బిడ్డ పోయాక ఒక ఆదివారం మా ప్రార్థన గుడి గుమ్మంలో వచ్చి కూర్చుంది. మా ఆయన ఆ సంఘానికి కాపరి. ఆరాధన అయ్యాక ఆయన ప్రార్థన చేద్దామంటే తల వంచకుండా సూటిగా చూస్తూ, "మళ్ళా ఒక గుంటని, ఒక బిడ్డని ఇమ్మని అడగండయ్యా. ఇచ్చినోడే పచ్చలో ఉంచాలని కూడా అడగండి," అంది. అలా బేరమాడినట్టు ప్రార్థన అడిగినవారిని నేను అంతకుముందు చూడలేదు.

దేవుడు ఇచ్చాడు. ఆడపిల్ల. పచ్చలోనే పెరిగింది. నడక రాకముందే బుగ్గలు కిందికి జారేవి. మణికట్టు దగ్గర మడతలో తల్లి ఎర్ర దారం కడితే అది కనిపించేది కాదు. అంగన్‌వాడీ టీచరు పారెయ్యబోయిన పాత టేపు ఒకటి అడిగి తెచ్చుకొని పచ్చమ్మ దూలానికి వేలాడదీసింది. బిడ్డ బడికి వెళ్ళే ఈడు వచ్చినా దాంతోనే చుట్టి చూసేది. ఒకరోజు పరుగున మా ఇంటికి వచ్చింది. పిల్లను చంకనెత్తుకొని ఎక్కలేక, చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"అమ్మగారూ, సూడండి, సూడండి! టేపు సాల్లేదు. రెండు కొసలూ కలవడం నేదు. దేవుడు నా గుంటని టేపు దాటించేసినాడు!"

ఆ ఏటి కోత పండుగలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పే వేళ, అదే ఆమె సాక్ష్యం. మా కోత పండుగకు చోడి అనే రాగి కంకులు, గుమ్మడికాయలు, పచ్చి అల్లం, కాఫీ పళ్ళ బుట్టలు తెచ్చి ప్రభువు బల్ల ముందు పెడతారు. పచ్చమ్మ తన బిడ్డను తెచ్చి వాటి పక్కన నిలబెట్టింది. "ఇది నా మొదటి పంట," అంది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ముసలమ్మలు ఏడ్చారు. ఎరుపులో పోయిన పిల్లలు ఆ సంఘంలో చాలా ఇళ్ళలో ఉన్నారు. అంత నిండుగా, అంత మెరుస్తూ ఉన్న బిడ్డను చూస్తే ఎవరి కన్నీళ్ళు ఆగుతాయి? అప్పటి నుంచి ప్రతి కోత పండుగకూ అదే సాక్ష్యం. ప్రతి ఏడూ పిల్ల ఇంకాస్త లావు. ప్రతి ఏడూ చప్పట్లు ఇంకాస్త గట్టిగా.

అరకు వెళ్ళే రోడ్డు మలుపులో, కార్లు ఆగి జనం ఫొటోలు దిగే చోట, పచ్చమ్మ మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మేది. పక్కనే చిన్న గ్యాసు పొయ్యి మీద నూడుల్సు వేసేది. వైజాగు నుంచి వచ్చే పిల్లలు కార్ల అద్దాల్లోంచి చిప్స్ ప్యాకెట్లతో చెయ్యి బయటపెట్టేవారు. తెల్లగా, బొద్దుగా ఉండేవారు. పచ్చమ్మ వాళ్ళను చాలా శ్రద్ధగా చూసేది. ఒకసారి నేను ఆమె పక్కన బల్ల మీద కూర్చొని ఉండగా పిల్ల కూల్‌డ్రింకు సీసా ఎత్తి తాగుతోంది.

"చోడి అంబలి పెట్టొచ్చు కదమ్మా పిల్లకి?" అన్నాను.

పచ్చమ్మ పొత్తు తిప్పుతూ నవ్వింది. "చోడి అంబలి ఇద్దరికి పెట్టినాను కదమ్మగారూ. ఈ కార్లలో వొచ్చే పిల్లలు ఏటి తింతన్నారో నాను సూస్తన్నాను. ఆళ్ళు ఒక్కరైనా ఎరుపులో ఉన్నారేటి? ఆళ్ళు తిన్నదే నా గుంటకీ."

ఆమె తప్పు లెక్క వేయలేదు. ఆమె కళ్ళ ముందున్న రుజువులతో వేస్తే లెక్క అలాగే వస్తుంది.

కార్లు దిగిన ఆడవాళ్ళు పిల్ల బుగ్గలు గిల్లి బిస్కెట్లు ఇచ్చేవారు. తర్వాత తర్వాత గిల్లడం మానేశారు. పిల్ల పెద్దదైంది. జీపులో సీటు కోసం నిలబడితే డ్రైవరు, "ఈ గుంట ఒకర్తేనా, ఇద్దరా?" అనేవాడు. జీపంతా నవ్వేది. పచ్చమ్మ కూడా నవ్వేది. అది పొగడ్త అనుకొనేది. పిల్ల మాత్రం కొండ వైపు ముఖం తిప్పుకొని కూర్చొనేది.

మెడ సంగతి నేను మొదట గెడ్డ వాగు దగ్గర చూశాను. శనివారం సాయంత్రం బట్టలు ఉతకడానికి వెళ్ళాను. పచ్చమ్మ పిల్లను రాతి మీద కూర్చోబెట్టి, ఎండిన బీరపీచుతో మెడ తోముతోంది. ముందు సబ్బు, తర్వాత బూడిద, మళ్ళీ సబ్బు.

"అమ్మా, ఒగ్గేయే. మండతంది."

"రేపు గుడికి ఈ మురికి మెడేసుకొని ఎలతావా? ఎంత తోమినా పోదేటే ఇది! ఎక్కడ దొర్లుతావే?"

"నానెక్కడా దొర్లనేదు."

మెడ చుట్టూ నల్లని పట్టీ కట్టినట్టు ఉంది. తోమిన చోట చర్మం ఎర్రగా లేచింది. కానీ నలుపు నలుపులాగే ఉంది. ఆ పిల్ల ఎక్కడా దొర్లలేదని నాకు తెలుసు. ఆటల పీరియడ్‌లో బడి మెట్ల మీద ఒక్కతే కూర్చొనేది.

తర్వాతి నెలలో ఊళ్ళోకి వచ్చిన నర్సమ్మ ఆ మెడ చూసి ఆగిపోయింది. మైదానం నుంచి వచ్చిన మనిషి, మంచిది, మాట మాత్రం తొందర. మా ఇంటి అరుగు మీదే కూర్చొని చెప్పింది.

"ఇది మురికి కాదమ్మా. ఎన్ని పీచులరగదీసినా పోదు. ఒంట్లో చక్కెర లెక్క తప్పుతోందని గుర్తు. ఇప్పుడే చూసుకోకపోతే ఇంత చిన్న పిల్లకి సుగర్ వచ్చేస్తాది. ముందు పిల్ల తగ్గాలి."

పచ్చమ్మ చేతిలోని చెంబు కింద పెట్టింది. "తగ్గాలా?"

"తగ్గాలి. నువ్వే తగ్గించాలి."

"నా పెద్దోడికీ ఇదే మాటన్నారు. 'తగ్గిపోతన్నాడు, తగ్గిపోతన్నాడు' అన్నారు. తగ్గి తగ్గి ఎలిపోనాడు. నువ్వు దీన్ని కూడా తగ్గించమంటన్నావా?"

నర్సమ్మ చెప్పిన మాటకు పచ్చమ్మ ఇంట్లో ఇంకో అర్థం ఉందని ఆమెకెలా తెలుస్తుంది? నేను మధ్యలో కలగజేసుకొన్నాను. తగ్గడం చెడ్డ మాట కాదమ్మా, తనను తాను తగ్గించుకొన్నవాణ్ణి దేవుడే హెచ్చిస్తాడని కదా మనం వింటున్నది అన్నాను.

పచ్చమ్మ నా వైపు తిరిగింది. "మనసు తగ్గించుకోమన్నాడు గానీ, పిల్లని తగ్గించమన్నాడేటి అమ్మగారూ?"

నర్సమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. పచ్చమ్మ నవ్వలేదు. పిల్ల చెయ్యి పట్టుకొని వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఆమె ఇంట కోడిని కోశారని మర్నాడు తెలిసింది.

ఆ పిల్ల తనకు తానే ఒక దారి వెతుక్కొంది. మా సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. పెద్దవాళ్ళే ఉంటారు. ఒక శుక్రవారం ఆ గుంట కూడా వచ్చి వెనక వరుసలో కూర్చొంది. తర్వాతి శుక్రవారం మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత బుధవారం కూడా ఉపవాసమే అంది. దేవుడి కోసం ఉపవాసముండే బిడ్డను తినమని ఏ తల్లి అనగలదు? పచ్చమ్మ గర్వపడింది, భయపడింది కూడా. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు రెండింతలు వండి పెట్టేది. "పొద్దున్నుంచీ దేవుడికి ఇచ్చినాది. ఇప్పుడు నాను ఇస్తాను," అనేది. పిల్ల పొద్దంతా మాడి, చీకటి పడగానే ఆపుకోలేక తినేది. తిన్నాక ఏడ్చేది.

ఒకనాడు మా వంటింట్లో నీళ్ళు తాగుతూ నన్నడిగింది. "అమ్మగారూ, దేవుడికి సన్నం సెయ్యడం వొచ్చా?"

"ఆయనకు రానిదేముందమ్మా."

"మరి నాను అడుగుతుంటే ఎందుకు సెయ్యడు? అమ్మ ముందే అడిగేసినాదని ఆ మాటే వింతన్నాడా?"

తల్లి ఒక ప్రార్థన, బిడ్డ దానికి ఎదురు ప్రార్థన. రెండూ ఒకే కప్పు కింద నుంచి పైకి పోతున్నాయి.

ఆ ఏటి కోత పండుగ వచ్చింది. బల్ల ముందు రాజ్మా బస్తా, పసుపు కొమ్ములు, కాఫీ పళ్ళు. సాక్ష్యాలు మొదలయ్యాక పచ్చమ్మ లేచి ముందుకొచ్చి, ఎప్పటిలాగే వెనక్కి తిరిగి పిలిచింది.

"రా తల్లీ."

పిల్ల లేవలేదు. పక్కనున్నవాళ్ళు మోచేత్తో పొడిచారు. "ఎల్లవే. అమ్మ పిలుస్తంది."

"నాను రాను."

"సిగ్గుపడతందండి," అంది పచ్చమ్మ అందరితో. "రాయే, గుంటా. దేవుడి ముందు సిగ్గేటి?"

అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి ఎవరో, సరదాకే, అన్నారు. "పనసకాయ సెట్టు దిగనంటంది." నవ్వులు లేచాయి. పిల్లలు చాలా గట్టిగా నవ్వారు. వాళ్ళకు ఆ పేరు కొత్త కాదని ఆ నవ్వులోనే తెలిసింది.

పిల్ల కూర్చొన్న చోటే తల ఎత్తి చెప్పింది. "అమ్మా, నన్ను సాక్ష్యానికి పిలవొద్దు. ఇక్కడ సప్పట్లు కొట్టినోల్లే బడికాడ పనసకాయ అంటారు. నాను నీ సాక్ష్యం కాదు."

పచ్చమ్మ బల్ల దగ్గర అలాగే నిలబడిపోయింది. ఆమె మగవాళ్ళ వైపు చూసి, చాలా నెమ్మదిగా, "నా బిడ్డకి ఆ పేరెట్టింది మీరేనా?" అంది. ఎవరూ తలెత్తలేదు. ఆమె గుమ్మడికాయల మధ్య నుంచి నడిచి వచ్చి, పిల్ల పక్కన చాప మీద కూర్చొంది.

మర్నాడు తనే నర్సమ్మను వెతుక్కొంటూ ఆరోగ్య ఉపకేంద్రానికి వెళ్ళింది. నన్ను తోడు రమ్మంది. అక్కడ అడిగిన ప్రశ్న నా చెవిలో ఇంకా ఉంది.

"సచ్చిపోకుండా ఎంతవరకు తగ్గించొచ్చమ్మా?"

నర్సమ్మ ఈసారి తొందరపడలేదు. కుర్చీ ముందుకు జరుపుకొని ఒక్కొక్కటే చెప్పింది. ప్యాకెట్లు మానాలి. తీపి నీళ్ళు మానాలి. అన్నం తగ్గించి చోడి, సామలు, ఆకుకూర పెట్టాలి. రోజూ నడవాలి. ఉపవాసాలు వద్దు. పిల్ల ఎదుగుతోంది కాబట్టి బక్కచిక్కిపోనక్కర్లేదు, ఇంకా పెరగకుండా ఉంటే చాలు. పచ్చమ్మ అన్నీ విని చివరికి అంది.

"పచ్చ తరవాత కూడా ఒక రంగు పెట్టుంటే నాకు తెలిసేది కదమ్మా. ఇక్కడ ఆగమని ఎవలూ సెప్పనేదు."

ఆ తర్వాత పచ్చమ్మను చూసినవాళ్ళు ఆమెను మెచ్చుకోవాలి. పొద్దున్నే తల్లీకూతుళ్ళు గుడి కొండ ఎక్కేవారు. సగం దూరంలో రొప్పేది తల్లే. పిల్ల ఆగి, "కూకోయే, నానున్నాను," అనేది. దుకాణంలో నూడుల్సు మానేసి చిలగడదుంపలు కాల్చింది. కార్లవాళ్ళు పిల్లకు బిస్కెట్లు ఇవ్వబోతే చెయ్యి అడ్డుపెట్టి, "నా గుంటకొద్దు బాబూ," అనేది. చెయ్యి అడ్డుపెడుతూ ముఖం పక్కకు తిప్పుకొనేది. తన చేత్తో తన బిడ్డ నోటి దగ్గర నుంచి తిండి తీయడం ఆమెకు ప్రతిసారీ చావే. పిల్ల అలిగేది. దొంగతనంగా తినేది. పట్టుబడేది. ఇద్దరూ అరుచుకొనేవారు, మళ్ళీ కొండ ఎక్కేవారు. మెడ నలుపు కొంచెం విడిచిందని ఒకరోజు తల్లి నాకు చూపించింది. నాకు తేడా కనిపించలేదు. విడిచిందనే అన్నాను.

కానీ ఒక సంగతి మేమెవ్వరం చూడలేదు. పిల్ల కంచంలో తక్కువ వేసి తన కంచంలో ఎక్కువ వేసుకోవడం ఆమెకు చేతకాలేదు. పిల్లకు ఒక గరిటె అయితే తనకు అర గరిటె. పిల్ల కంచం వంక చూస్తుందని అసలు తినని పూటలూ ఉన్నాయి. అడిగితే "ఆకలి నేదు" అనేది. నర్సమ్మ వచ్చి పిల్లను తూచేది, పిల్ల వేలు గుచ్చి చూసేది. తలుపు చెక్క పట్టుకొని నిలబడిన తల్లిని ఎవరూ తూచలేదు. పిల్ల మీదున్న కళ్ళు ఆమె మీదికి తిరగలేదు. వానాకాలంలో జ్వరం వచ్చింది. పాడేరు ఆసుపత్రిలో ఒంట్లో రక్తమే లేదన్నారు. ఎక్కించడానికి దొరికేలోగా ఆమె ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయింది.

మొన్న, పోయినవారి ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూడిక జరిగింది. పాటలు, ప్రార్థన అయ్యాక అడ్డాకు విస్తర్లు వేశారు. పిల్ల తండ్రి విశాఖలో భవనాల పనికి వెళ్ళి ఉండేవాడు, కబురు విని వచ్చాడు. వస్తూ బిడ్డకోసం ఒక సంచి నిండా చిప్స్ ప్యాకెట్లు, తీపి బన్నులు తెచ్చాడు. ఏం తేవాలో ఆయనకు ఇంకేం తెలుసు? పిల్ల ఆ సంచి ఒళ్ళో పెట్టుకొని వరుసలో కూర్చొంది. ఆడవాళ్ళు వడ్డించడం మొదలుపెట్టారు.

"తిను తల్లీ. అమ్మ నేదు కదా, ఎవరెడతారు నీకు?" అని ఒకామె అన్నం వేసింది.

"ఇంకొంచెం ఎయ్యండే. దుక్కంతో నీరసపడిపోతాది," అని ఇంకొకామె మాంసం వేసింది.

కోత పండుగ నాడు నవ్వినవారి ఇంటి ఆడవాళ్ళే. ఇప్పుడు వాళ్ళ కళ్ళు నిండి ఉన్నాయి. ఒక్కొక్కరూ వంగి, తల నిమిరి, ఒక్కో గరిటె వేసి వెళుతున్నారు. విస్తరి అంచులు దాటి పులుసు నేల మీదికి కారుతోంది. మాకు ప్రేమించడం ఇలాగే తెలుసు. ఇంకోలా ఎవరూ నేర్పలేదు.

నేను పక్కన కూర్చొన్నాను. పిల్ల నా చెవి దగ్గరికి వంగింది.

"అమ్మగారూ, ఒద్దంటే ఆళ్ళ మనసు బాధపడతాది కదా. తింటే అమ్మ సెప్పింది తప్పినట్టు. ఏటి సెయ్యాలి?"

నేను నోరు తెరిచేలోగా ఒక ముసలామె వచ్చి కూర్చొంది. ఆమె కూడా బిడ్డల్ని పోగొట్టుకొన్న మనిషే. తన చేత్తోనే ముద్ద కలిపి పిల్ల నోటి దగ్గర పెట్టింది. పిల్ల ఒక్క క్షణం నా వైపు చూసి నోరు తెరిచింది. ఆ తర్వాత మళ్ళీ నా వైపు చూడలేదు. ఏడుస్తూ తింటూనే ఉంది. ఆ బిడ్డకు ఒక గరిటె తక్కువ వేసే ధైర్యం ఈ కొండల్లో ఒక్కరికే వచ్చింది. ఆమెనే మేము పూడ్చి వచ్చాం.

చదువుతున్న అన్నలారా, అక్కలారా, మీరు ఎక్కడున్నా ఈ పేజీ పక్కన పెట్టి ఒకసారి తల వంచండి. ఆ బిడ్డ సన్నబడాలని నేను అడగమనడం లేదు. ఆమె ఎదుట "చాలు" అనగలిగిన మనిషిని ఒకరిని లేపమని అడగండి. ఆ మాట కూడా ప్రేమేనని మా గూడేనికి తెలియజేయమని అడగండి. నేను వారమంతా అడుగుతూనే ఉన్నాను. జవాబు వచ్చిందని అబద్ధం చెప్పలేను. తండ్రీ, ఈ తల్లిలేని బిడ్డను చూడు. నా ఒక్కదాని ఆమేన్ పైదాకా చేరుతున్నట్టు లేదు. మీరు కూడా నాతో అనండి.